గాజు వెనక బొమ్మ నుంచి ఐప్యాడ్ తెర దాకా

బొమ్మ వేయడానికి ఏమేం కావాలని అడిగితే మనలో చాలామంది కాగితం, పెన్సిలు, రంగులు, కుంచె అని చెబుతాం. డ్రాయింగు పీరియడ్‌లో మనకు అలవాటైన సామగ్రి అదే. ఈ పాఠంలో మనం పరిచయం చేసుకోబోయే చిత్రకారిణి ఆ జాబితాలో ఇంకా చాలా వస్తువులు చేర్చారు. అట్టముక్కలు, సినిమా కెమెరా, గాజుపలక, ఖాళీ గోడ, రేకు ట్రంకు పెట్టెలు, గుండ్రంగా తిరిగే ప్లాస్టిక్ గొట్టాలు, ప్రొజెక్టర్లు, ఆఖరుకు ఐప్యాడ్. ఆమె పేరు నళినీ మలానీ. కళలు, తత్త్వశాస్త్రం విభాగంలో 2023 సంవత్సరపు క్యోటో బహుమతి ఆమెకు వచ్చింది. ముంబయిలో చదువుకుని, అక్కడే పని మొదలుపెట్టి, యాభై ఏళ్లకు పైగా బొమ్మలు వేస్తూనే ఉన్నారు.

ఇలా పలు రకాల సామగ్రిని ఒకే కళాఖండంలో కలిపి వాడితే దాన్ని మిశ్రమ మాధ్యమం లేదా మిక్స్‌డ్ మీడియా అంటారు. అందులో వీడియో, కంప్యూటర్, టచ్‌స్క్రీన్ వంటివి కూడా చేరితే డిజిటల్ మిశ్రమ మాధ్యమం అవుతుంది. ఈ మాట వినగానే కొత్త యంత్రం వచ్చింది కాబట్టి కొత్త కళ పుట్టిందని అనుకోవడం సహజం. నళినీ మలానీ పనిని మొదటినుంచి చూస్తూ వస్తే మాత్రం వరస తిరగబడి కనిపిస్తుంది. ముందు ఆమె దగ్గర చెప్పవలసిన సంగతి ఒకటి ఉంటుంది. అప్పటిదాకా వాడుతున్న సామగ్రిలో దానికి చోటు చాలదు. పరికరం కోసం వెతుకులాట ఆ తర్వాతే మొదలవుతుంది. ఒక్కో పని దగ్గర మనం ఆ చాలకపోవడం ఎక్కడుందో గమనిస్తూ వెళ్దాం.

ఆమె 1946లో కరాచీలో పుట్టారు. మరుసటి ఏడాదే దేశ విభజన. పసిపాపతో ఆ కుటుంబం ఇల్లూ ఊరూ వదిలి భారతదేశానికి వచ్చింది. మొదట కలకత్తా, తర్వాత బొంబాయి. ఆ ప్రయాణం ఆమెకు గుర్తుండే వయసు కాదు. కానీ ఇంట్లో పెద్దవాళ్ల మాటల్లోనూ, మాట్లాడకుండా దాటవేసిన చోట్లలోనూ అది ఎప్పుడూ ఉంటూనే వచ్చింది. కళ్లారా చూడని సంఘటనను బొమ్మగా వేయడం ఎలా? ఆమె పని అంతటి వెనకా ఉన్న ప్రశ్న ఇదేనని మాకు అనిపిస్తుంది.

బొంబాయిలోని సర్ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరి 1969లో ఆమె డిప్లొమా పూర్తిచేశారు. చదువుకుంటున్న రోజుల్లోనే భూలాభాయ్ మెమోరియల్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసుకోవడానికి ఆమెకు ఒక గది దొరికింది. ఆ భవనం చాలా విచిత్రమైన చోటు. ఒక గదిలో చిత్రకారులు, ఒక గదిలో సంగీతం, ఇంకో చోట నాటకం రిహార్సలు. రవిశంకర్ సంగీత పాఠశాల అక్కడే నడిచింది, ఇబ్రహీం అల్కాజీ నాటక బృందం అక్కడే పనిచేసింది. వరండాలో నడుస్తుంటే ఒక కళ శబ్దం మరో కళ గదిలోకి వినబడే చోట ఇరవై ఏళ్ల విద్యార్థిని కుంచె పట్టుకుంది. కళల మధ్య గోడలు అంత మందమైనవేమీ కావని పుస్తకంలో చదవవలసిన అవసరం ఆమెకు రాలేదు.

1969లో ప్రముఖ చిత్రకారుడు అక్బర్ పదమ్‌సీ తనకు వచ్చిన నెహ్రూ ఫెలోషిప్ డబ్బుతో బొంబాయిలో విజన్ ఎక్స్‌ఛేంజ్ వర్క్‌షాప్ అనే చిన్న ప్రయోగశాల పెట్టారు. చిత్రకారులు కెమెరాలు పట్టుకుని చూడాలి, సినిమావాళ్లు చిత్రకారులతో మాట్లాడాలి అన్నది ఆయన ఆలోచన. అక్కడ పనిచేసిన వారిలో వయసులో చిన్నది నళిని. ఆ బృందంలో ఉన్న స్త్రీ కూడా ఆమె ఒక్కతే. అప్పటికి మన దేశంలో సినిమా అంటే కొట్టక హాల్లో చూసేది, లేదా ప్రభుత్వం వారి డాక్యుమెంటరీ. చిత్రకారిణి సినిమా తీసి అదీ నా బొమ్మే అంటే ఒప్పుకునే గ్యాలరీ లేదు, కొనేవాళ్లు అసలే లేరు.

ఆ ప్రయోగశాలలో ఆమె చేసిన పనుల్లో ఒకటి 'డ్రీమ్ హౌసెస్'. అట్టముక్కలతో ఇళ్ల నమూనా ఒకటి కట్టి, దానిమీద రంగుల వెలుగులు వేస్తూ, 8 ఎం.ఎం. కెమెరాతో ఒక్కొక్క ఫ్రేముగా తీశారు. దీన్ని స్టాప్ మోషన్ అంటారు. వస్తువును కొంచెం కదిపి ఒక ఫొటో, మళ్లీ కొంచెం కదిపి ఇంకో ఫొటో. అన్నిటినీ వరసగా వేగంగా తిప్పితే కదలని వస్తువు కదిలినట్టు కనిపిస్తుంది. సెకనుకు 12 బొమ్మలు చాలనుకున్నా ఒక్క నిమిషానికి 720 కావాలి. ఓపిక అనే మాటకు అర్థం తెలియాలంటే ఒకసారి పది సెకన్ల స్టాప్ మోషన్ చేసి చూడండి. ఆ రోజుల్లో చార్లెస్ కొరియా వంటి వాస్తుశిల్పులు సామాన్యులకు మంచి ఇళ్లు, మంచి నగరాలు కట్టవచ్చని ఉత్సాహంగా ఆలోచిస్తున్నారు. రంగుల వెలుగులో మెరిసే ఆ అట్ట ఇళ్లలో ఆ ఆశ ఉంది.

ఏడేళ్లు గడిచాయి. ఇళ్లు రాలేదు, మురికివాడలు పెరిగాయి. 1976లో ఆమె నలుపు తెలుపులో మరో సినిమా తీశారు. ఎత్తయిన అపార్ట్‌మెంటులోంచి ఒక యువతి నగరం వైపు చూస్తూ ఉంటుంది. ఈ రెండు సినిమాలనూ పక్కపక్కనే ఒకేసారి వేసి, రెంటికీ కలిపి 'యుటోపియా' అని పేరు పెట్టారు. ఒక పక్క 1969 నాటి రంగుల కల, మరో పక్క 1976 నాటి రంగులేని కిటికీ. రెండిట్లో ఏ ఒక్కటీ విడిగా అంత చెప్పదు. పక్కపక్కన ఉన్నప్పుడు మాత్రం ఆ మధ్యలోని ఏడేళ్లు చూసేవాడి మనసులో తిరుగుతాయి. ఒకే చట్రంలో కూర్చునే నూనెరంగుల చిత్రానికి ఈ పని చేతకాదు. మిశ్రమ మాధ్యమం గురించి నేర్చుకునేవారు మొదట ఈ ఒక్క పనిని అర్థం చేసుకుంటే సగం పాఠం అయిపోయినట్టే.

పారిస్‌లో ఫ్రెంచి ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో గడిపిన 1970 నుంచి 1972 వరకూ, ఆ తర్వాత బొంబాయిలో కాన్వాసుల మీద పనిచేసిన ఏళ్లు ఇక్కడ త్వరగా దాటేద్దాం. ఒక్క సంగతి చెప్పుకుని ముందుకు వెళ్దాం. 1987 నుంచి 1989 వరకూ అర్పితా సింగ్, నీలిమా షేక్, మాధవీ పరేఖ్‌లతో కలిసి ఆమె ఒక ప్రదర్శనను పలు నగరాలకు తీసుకువెళ్లారు. స్త్రీలు తామే పూనుకుని నడిపిన ప్రదర్శన అప్పటికి అరుదు.

ఆ కాలంలోనే ఆమె మరో విద్య నేర్చుకున్నారు. అది కొత్తది కాదు, చాలా పాతది. గాజు వెనక బొమ్మ వేయడం. చైనాతో వర్తకం ద్వారా పద్దెనిమిదో శతాబ్దంలో మన దేశపు పశ్చిమ తీరానికి వచ్చిన పద్ధతి ఇది. తంజావూరులోనూ గాజు మీద దేవుళ్ల బొమ్మలు ఇలాగే వేశారు. నళినికి దీన్ని నేర్పింది ఆమె స్నేహితుడు, బరోడా చిత్రకారుడు భూపేన్ ఖఖ్ఖర్. ఇందులో మెదడుకు పెద్ద మేత ఉంది. మామూలుగా మనం మొహం వేసేటప్పుడు ముందు నేపథ్యం, తర్వాత మొహం రంగు, తర్వాత కళ్లు, అన్నిటికన్నా చివర కనుపాప పెడతాం. గాజు వెనక వేసేటప్పుడు కనుపాప మొదట పెట్టాలి. దాని మీద కంటి తెలుపు, దాని మీద చర్మం రంగు, అన్నిటికన్నా ఆఖరున నేపథ్యం. ఎందుకంటే చూసేవాళ్లు గాజుకు అవతలి వైపు నుంచి చూస్తారు. కుడి ఎడమలు తారుమారవుతాయి. పొరపాటు పడితే పైన రంగు వేసి కప్పేయడం కుదరదు, మొదటి పొర ఎప్పటికీ ముందే ఉంటుంది. బొమ్మ పూర్తయ్యాక ఎలా ఉండాలో మొదటి చుక్క పెట్టకముందే తెలియాలి.

ఆమె గాజుతో ఆగలేదు. గాజు బరువు, పగులుతుంది, వంగదు. దాని బదులు మైలార్ అనే పారదర్శకమైన పాలిస్టర్ రేకు మీద అదే పద్ధతిలో వేయడం మొదలుపెట్టారు. మైలార్ వంగుతుంది, గొట్టంలా చుట్టుకుంటుంది. ఈ చిన్న మార్పు ముందు ముందు ఎంత దూరం తీసుకువెళ్లిందో కాసేపట్లో చూద్దాం.

1992లో బొంబాయిలోని గ్యాలరీ కెమోల్డ్‌లో ఆమె ఏ చిత్రమూ వేలాడదీయలేదు. నేరుగా గోడల మీదే బొమ్మలు వేశారు. 'సిటీ ఆఫ్ డిజైర్స్' అని దానికి పేరు. సుమారు రెండు వారాలు ప్రదర్శన నడిచింది. తర్వాత గోడలకు సున్నం కొట్టేశారు. రాజస్థాన్‌లోని నాథద్వారంలో పాత కుడ్యచిత్రాలు పట్టించుకునేవారు లేక పాడైపోతుంటే, ఆ పోవడాన్ని నగరవాసులకు తెలియజెప్పాలని ఆమె అనుకున్నారు. పోయిన బొమ్మల గురించి పదికాలాలు ఉండే బొమ్మ వేస్తే ఆ బాధ తెలియదు. తమ కళ్లముందు ఉన్న బొమ్మే ఎల్లుండి ఉండదని తెలిసినప్పుడు చూసేవాళ్లు ఇంకోలా చూస్తారు. మన పల్లెల్లో ముగ్గు వేసే అమ్మలకు ఈ సంగతి కొత్తది కాదు. కానీ బొమ్మ అమ్ముడుపోతేనే బతికే వృత్తి చిత్రకారిణి, అమ్మడానికి ఏమీ మిగలని బొమ్మ వేయడం అంటే జీవనాధారాన్ని పణంగా పెట్టడమే. తర్వాత కూడా ఎన్నో ప్రదర్శనల్లో గోడ మీద బొగ్గుతో వేసిన బొమ్మలను చివర్లో అందరి ముందే చెరిపించారు.

1998 మే నెలలో పోఖ్రాన్‌లో అణు పరీక్షలు జరిగాయి. కొద్ది రోజుల్లోనే పాకిస్తాన్ కూడా పరీక్షలు జరిపింది. కరాచీలో పుట్టి ముంబయిలో పెరిగిన మనిషికి ఆ వార్త ఎలా తగిలి ఉంటుందో ఊహించవచ్చు. ఆ కలతలోంచి వచ్చిన పని 'రిమెంబరింగ్ టోబా టేక్ సింగ్'. టోబా టేక్ సింగ్ అన్నది సాదత్ హసన్ మంటో రాసిన ప్రసిద్ధ ఉర్దూ కథ పేరు. విభజన తర్వాత రెండు దేశాలూ పిచ్చాసుపత్రుల్లోని రోగులను కూడా పంచుకుంటాయి. తన ఊరు ఏ దేశంలోకి వెళ్లిందో తెలియని బిషన్ సింగ్, రెండు సరిహద్దు కంచెల మధ్య ఎవరికీ చెందని నేల మీద పడిపోతాడు. చదవనివాళ్లు తప్పక చదవండి, కథ చాలా చిన్నది.

1999లో ముంబయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో ఈ పనిని ప్రదర్శించారు. ఒక పెద్ద గది. నేల మీద 12 రేకు ట్రంకు పెట్టెలు మూతలు తెరిచి ఉన్నాయి. లోపల పరుపుగుడ్డలు, వాటి మధ్య టీవీ తెరలు, వాటిలో ఇల్లు వదిలి వెళ్లే జనం. గోడల మీద వీడియోలు, బాంబు పేలుళ్ల దృశ్యాలు. ఎదురెదురు గోడల మీద ఇద్దరు స్త్రీలు, ఒకరు భారతీయురాలు, ఒకరు పాకిస్తానీ. ఇద్దరూ కలిసి ఒక చీరను మడతపెట్టబోతారు. మన ఇళ్లలో ఆరిన చీరను అమ్మ ఒక కొస, అక్క ఒక కొస పట్టుకుని మడత పెట్టడం రోజూ చూసేదే. ఒకరు లాగితే ఒకరు వదలాలి, ఇద్దరూ దగ్గరికి రావాలి, కొసలు కలపాలి. ఇక్కడ వాళ్లిద్దరి మధ్యా గది ఉంది. ఆ గదిలో పెట్టెలున్నాయి, పెట్టెల మధ్య నిలబడి మనమున్నాం. చీర మడత పడదు.

వీడియోను టీవీలో వేసి చూపిస్తే ఇది జరగదని గమనించండి. గది వెడల్పే ఇక్కడ కుంచె. చూసేవాడు నిలబడ్డ చోటే సరిహద్దు. ఇలా చూసేవాళ్లు లోపల తిరిగేలా స్థలమంతటినీ కళాఖండంగా మార్చడాన్ని ఇన్‌స్టలేషన్ అంటారు. నిర్వచనం పరీక్షలో రాయడానికి పనికొస్తుంది. ఆ చీర గుర్తుంటే నిర్వచనం అదే గుర్తుంటుంది.

ఇప్పుడు మైలార్ సంగతికి వద్దాం. 2001లో చేసిన 'ట్రాన్స్‌గ్రెషన్స్'లో ఆమె లోపలి వైపు బొమ్మలు వేసిన పెద్ద మైలార్ గొట్టాలను పైనుంచి వేలాడదీశారు. అవి మోటారుతో నెమ్మదిగా తిరుగుతుంటాయి. వాటిని దాటుకుంటూ వీడియో వెలుగు గోడ మీద పడుతుంది. గోడ మీద వీడియో, వీడియో మీద గొట్టాల బొమ్మల రంగు నీడలు, ఒకదాని మీదుగా ఒకటి జారిపోతుంటాయి. ఆమె వీటిని వీడియో నీడల ఆటలని పిలిచారు.

నీడల ఆట అనగానే తెలుగువాళ్లం ఊరుకోలేం. మనకు తోలుబొమ్మలాట ఉంది. శ్రీ సత్యసాయి జిల్లాలో ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో నేటికీ తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. మేకతోలును వెలుగు దూరేంత పల్చగా చేసి, రెండు వైపులా రంగులు వేసి, చిన్న చిన్న రంధ్రాలు తొలిచి, తెర వెనక దీపం ముందు ఆడిస్తారు. బొమ్మను తెరకు ఆనిస్తే నీడ గీత గీసినట్టు స్పష్టంగా ఉంటుంది. దీపం వైపు వెనక్కి లాగితే పెద్దదై మసకబారుతుంది. రాక్షసుడు అలా పెరిగి మాయమవుతాడు. నళిని గదిలో తోలు బదులు మైలార్, దీపం బదులు ప్రొజెక్టర్, ఆడించే చేతుల బదులు మోటారు. వెలుగు లెక్క మాత్రం ఒకటే.

ఆ లెక్కను మీరే చేసి చూడవచ్చు. ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు తీసుకోండి, ఫైలు కవరు చాలు. దాని మీద 10 సెంటీమీటర్ల పక్షి బొమ్మ మార్కర్‌తో వేయండి. గోడకు 150 సెంటీమీటర్ల దూరంలో ఫోను టార్చి పెట్టండి. షీటును టార్చికి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే 150ని 30తో భాగించగా 5, అంటే పక్షి నీడ 50 సెంటీమీటర్లు. షీటును 15 సెంటీమీటర్ల దగ్గరికి తెస్తే నీడ మీటరు. పదో తరగతి గణితంలో చదివే సరూప త్రిభుజాలే ఇవి. అంచు ఎందుకు మసకబారింది? టార్చి బల్బు ఒక బిందువు కాదు, దానికీ కొంత వెడల్పుంది. దాని ఒక్కో చివరి నుంచి వచ్చే వెలుగు ఒక్కో చోట నీడ వేస్తుంది. ఆ రెంటి తేడాయే అంచున కనిపించే ఉపచ్ఛాయ.

ఇక అసలు వినోదం. షీటును గొట్టంలా చుట్టి టేపు అంటించండి. చుట్టూ పక్షులు వేయండి. దారంతో వేలాడదీసి, దారాన్ని మెలిపెట్టి వదలండి. టార్చి బయటి నుంచే వేయాలి. గోడ మీద ఏం కనిపిస్తుంది? టార్చి వైపున్న పక్షులు పెద్దవిగా, మసకగా ఒక దిక్కుకు పోతాయి. గోడ వైపున్న పక్షులు చిన్నవిగా, స్పష్టంగా ఎదురు దిక్కుకు పోతాయి. గొట్టం ఒకే వైపు తిరుగుతున్నా, దాని ముందు భాగం కుడికి కదిలితే వెనక భాగం ఎడమకు కదులుతుంది కదా. వెలుగు రెంటినీ ఒకే గోడ మీద అచ్చు వేస్తుంది. ఊరు వదిలి ఎదురెదురు దారుల్లో పోతూ ఒకరినొకరు దాటుకునే జనాన్ని ఊహించుకోండి. విభజన గురించి పుట్టెడు మాటలు చెప్పే బదులు ఆమె గొట్టాన్ని తిప్పారని మేము అనుకుంటాం.

2012లో జర్మనీలోని కాసెల్ నగరంలో జరిగిన డాక్యుమెంటా ప్రదర్శనలో ఈ పద్ధతి ఇంకా విస్తరించింది. 'ఇన్ సెర్చ్ ఆఫ్ వానిష్డ్ బ్లడ్' అనే ఆ పనిలో 5 గొట్టాలు, 6 వీడియోలు, 11 నిమిషాల నిడివి, శబ్దం. పేరు ఫైజ్ అహ్మద్ ఫైజ్ ఉర్దూ కవిత నుంచి తీసుకున్నది. మహాశ్వేతాదేవి 'ద్రౌపది' కథలోని లొంగని ఆదివాసీ స్త్రీ అందులో ఉంది. గ్రీకు పురాణాల కసాండ్రా ఉంది. ఈ కసాండ్రా ట్రాయ్ రాజకుమారి. జరగబోయేది ముందే తెలిసే వరం ఆమెకుంది, ఆమె మాట ఎవరూ నమ్మరన్న శాపమూ ఉంది. నిజం చెప్పినా వినిపించుకోని లోకం అన్న ఆలోచన నళినిని ఎన్నో ఏళ్లుగా వదల్లేదు. మనకు దగ్గరి పోలిక కావాలంటే, నిండు సభలో ద్రౌపది అడిగిన ప్రశ్నకు పెద్దలెవరూ సూటిగా జవాబు చెప్పని ఘట్టం గుర్తు తెచ్చుకోవచ్చు.

డెబ్భై ఏళ్లు దాటాక ఆమె ఐప్యాడ్ తీసుకున్నారు. వేలితో తెర మీద గీస్తూ చిన్న చిన్న యానిమేషన్లు చేశారు. వీటిని తన నోటు పుస్తకాల్లాంటివని అంటారు. పత్రికలో చదివిన వార్త, పుస్తకంలో తగిలిన వాక్యం, ఒక కోపం, ఒక వెక్కిరింపు ఏదైనా ఆ రోజే బొమ్మ అయిపోతుంది, ఇన్‌స్టాగ్రామ్‌లో అందరికీ కనిపిస్తుంది. వాటిలో 88 యానిమేషన్లను కలిపి 2020లో లండన్‌లోని వైట్‌చాపెల్ గ్యాలరీలో 'కెన్ యూ హియర్ మీ' పేరుతో చూపించారు. ఒకప్పుడు గ్రంథాలయంగా ఉన్న ఆ హాలు ఇటుక గోడల మీద 9 ప్రొజెక్టర్ల నుంచి బొమ్మలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతూ పడుతుంటాయి. మన దేశంలో ఘోరమైన హింసకు బలైన ఒక చిన్నారిని తలచుకుంటూ మొదలైన పని అది. నా మాట వినిపిస్తోందా అన్న ఆ పేరులోని ప్రశ్న ఆ పాపదే.

ఇక్కడ తరగతిలో తప్పక వచ్చే ప్రశ్న ఒకటుంది. ఈ రోజు ఫోనులో ఒక యాప్ ఉంటే ఎవరైనా బొమ్మను కదిలించవచ్చు, మాట చెబితే చాలు కంప్యూటరే బొమ్మ వేసి ఇస్తుంది, ఇందులో చిత్రకారిణి గొప్ప ఏముంది? ప్రశ్న న్యాయమైనదే. మా సమాధానం ఇది. ఐప్యాడ్‌లో ఆమె గీసిన గీతను చూస్తే అది యాభై ఏళ్ల పాటు బొగ్గుతో, నీటిరంగులతో, గాజు వెనక గీసిన గీతే. వణుకుతుంది, చెదురుతుంది, చెరిపిన మరక అలాగే ఉంటుంది. యాప్ సాఫు చేసి ఇస్తానన్నా ఆమె చేయనివ్వలేదు. గాజు బొమ్మలో నేర్చుకున్న పొరల వరస ఐప్యాడ్‌లో లేయర్లుగా పనికొచ్చింది. గోడ మీద వేసి చెరిపేయడం ఇక్కడ ఒక బొమ్మ మరో బొమ్మలోకి కరిగిపోవడంగా మారింది. 1969లో అట్ట ఇళ్లను ఫ్రేము ఫ్రేముగా తీసిన చెయ్యే ఇది. యాప్ ఏడు రోజుల్లో నేర్చుకోవచ్చు. అందులో పోయడానికి మన దగ్గర ఏముందన్నదే చూసుకోవాలి. అయితే వేగంలో ఒక నష్టం కూడా ఉంది. గాజు పొరపాటును క్షమించదు కాబట్టి ఆలోచింపజేస్తుంది. తెర వెంటనే వెనక్కి తీసుకోనిస్తుంది కాబట్టి ఆలోచించకుండా గీయనిస్తుంది. ఆమె యానిమేషన్లన్నీ ఒకే బిగువుతో ఉన్నాయని మేము అనం. కొన్ని డైరీలో గీసుకున్నంత తేలిక.

ఇంకో చిక్కు ఉంది, దాన్ని కళా విద్యార్థులు తెలుసుకోవాలి. అజంతా చిత్రాలను చూడాలంటే వెలుగు, కళ్లు ఉంటే చాలు. 8 ఎం.ఎం. రీలును చూడాలంటే ప్రొజెక్టర్ కావాలి, దాన్ని బాగుచేసే మనిషి కావాలి. వీడియో టేపులు పాడవుతాయి, డీవీడీలు చదివే యంత్రాలు ఇళ్లలోంచి పోతున్నాయి, ఫైళ్ల రకాలు మారిపోతాయి. అందుకే ఇలాంటి పనిని కొన్న మ్యూజియం వస్తువులతో పాటు సూచనలనూ భద్రపరుస్తుంది. గొట్టం గోడకు ఎంత దూరంలో ఉండాలి, ఎంత నెమ్మదిగా తిరగాలి, శబ్దం ఏ మూల నుంచి రావాలి అన్నవన్నీ కాగితం మీద ఉండాలి. మీరు చేసిన పక్షుల గొట్టానికీ ఈ లెక్క రాసి పెట్టుకోండి. షీటు, టార్చి, గోడ దూరాలు, తీసిన వీడియో ఫైలు పేరు, తేదీ. వచ్చే ఏడాది వార్షికోత్సవానికి మరో తరగతివాళ్లు దాన్ని మళ్లీ నిలబెట్టగలగాలి.

2014లో ఢిల్లీలోని కిరణ్ నాడార్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్ ఆమె పనులతో విడతలుగా ఏడాది పొడవునా ప్రదర్శన నడిపింది. 2017లో పారిస్‌లోని పాంపిడూ సెంటర్ ఆమె యాభై ఏళ్ల పనిని ఒక చోట చూపింది. 2023లో లండన్ నేషనల్ గ్యాలరీ వంతు వచ్చింది. శతాబ్దాల నాటి యూరోపు చిత్రాలు బంగారు చట్రాల్లో వేలాడే భవనం అది. ఆమె ఆ చిత్రాలను ఐప్యాడ్‌లోకి తెచ్చుకుని, వాటి మీద వేలితో గీశారు. మూలన నిలబెట్టిన పనిమనుషులను, చిత్రకారుడు పట్టించుకోని స్త్రీలను ముందుకు లాగారు. 25 యానిమేషన్లు, 9 ప్రొజెక్టర్లు, గది నిండా శబ్దం. 'మై రియాలిటీ ఈజ్ డిఫరెంట్' అని ఆ ప్రదర్శనకు పేరు పెట్టారు. పక్క గదుల్లో అసలు చిత్రాలు అలాగే వేలాడుతున్నాయి. ఈ గదిలో అవే బొమ్మలు గోడ మీద కదులుతూ, ఆమె గీతల కింద కాసేపు కనబడి, మళ్లీ మునిగిపోతున్నాయి.